మెట్లు దిగి చూసే దీపస్తంభం

దీపస్తంభం చూడబోయేవారు సాధారణంగా పైకి ఎక్కడానికే సిద్ధపడి వెళ్తారు. మెలికలు తిరిగిన మెట్లు, పైన ఇరుకైన వసారా, అక్కడి నుంచి కనుచూపు మేర సముద్రం. మన తీరంలో మహాబలిపురంలోనైనా మరోచోటైనా జరిగేది ఇదే. అమెరికా పశ్చిమ తీరంలో, కాలిఫోర్నియా రాష్ట్రంలోని పాయింట్ రేయెస్ దీపస్తంభం దగ్గర మాత్రం వ్యవహారం తలకిందులుగా ఉంటుంది. కొండకొమ్ము మీద నిలబడితే దీపస్తంభం కాళ్ల కింద ఎక్కడో కనిపిస్తుంది. దాన్ని చేరడానికి 313 మెట్లు దిగాలి. తిరిగి వచ్చేటప్పుడు అవన్నీ ఎక్కాలి. ఇది 30 అంతస్తుల భవనం ఎక్కడంతో సమానమని అక్కడి సిబ్బంది ముందుగానే హెచ్చరిస్తారు.

దూరం నుంచి కనిపించాల్సిన దీపాన్ని శిఖరం మీద కాకుండా ఇంత కిందికి దించి ఎందుకు పెట్టారు? ఈ ప్రశ్నకు జవాబు వెతికితే సముద్రం ఎలా చల్లబడుతుందో, పొగమంచు ఎక్కడ పేరుకుంటుందో, ఒక చిన్న నూనె దీపం పదుల కిలోమీటర్ల దూరానికి ఎలా చేరుతుందో తెలుస్తుంది.

సముద్రంలోకి చొచ్చుకుపోయిన నేల

పాయింట్ రేయెస్ ద్వీపకల్పం శాన్ ఫ్రాన్సిస్కో నగరానికి వాయవ్యంగా సుమారు 50 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. దీని కొస ప్రధాన తీరరేఖను దాటి సుమారు 16 కిలోమీటర్లు పసిఫిక్ మహాసముద్రంలోకి పొడుచుకు వచ్చింది. ఇది అనాదిగా కోస్ట్ మివోక్ అనే స్థానిక తెగ ప్రజల నేల. 1603 జనవరి 6న స్పెయిన్ నావికుడు సెబాస్టియన్ విజ్‌కైనో ఇటుగా ప్రయాణించాడు. క్రైస్తవులకు అది ముగ్గురు రాజుల పండుగ రోజు. అందుకే ఈ కొసకు 'రాజుల అగ్రం' అనే అర్థం వచ్చే స్పానిష్ పేరు పెట్టాడు. ఆ పేరే ఇప్పటి పాయింట్ రేయెస్.

పచ్చిక మేసే పశువుల మందలు, గాలికి ఒకవైపే వంగిపోయిన సైప్రస్ చెట్లు, కొండ అంచున విరిగిపడే తెల్లటి అలలు, జనవరి నుంచి మే వరకు దూరంగా నీటిని చిమ్ముతూ సాగిపోయే బూడిద తిమింగలాలు. సందర్శకుడికి ఇదంతా కన్నులపండువ. పాత రోజుల్లో ఓడ నడిపేవారికి మాత్రం ఇదే కొస ప్రాణగండం. శాన్ ఫ్రాన్సిస్కో రేవుకు ఉత్తరం నుంచి వచ్చే ప్రతి ఓడా దీన్ని చుట్టి రావాల్సిందే. 1595లోనే ఫిలిప్పీన్స్ నుంచి సరుకుతో వచ్చిన 'శాన్ అగస్టిన్' అనే స్పానిష్ ఓడ ఇక్కడి డ్రేక్స్ అఖాతంలో ధ్వంసమైంది. కాలిఫోర్నియా తీరంలో నమోదైన తొలి ఓడ ప్రమాదం అదే.

1849 తర్వాత బంగారం వేటలో జనం కాలిఫోర్నియాకు పోటెత్తారు. ఓడల రాకపోకలు ఒక్కసారిగా పెరిగాయి. ఈ కొస మీద దీపం కావాలని 1850ల్లోనే నిర్ణయించారు. అయితే భూమి ధర విషయంలో యజమానులతో బేరం తెగక ఏళ్లు గడిచిపోయాయి. చివరకు 1870 డిసెంబర్ 1న ఇక్కడ తొలిసారి దీపం వెలిగింది.

పొగమంచు ఎక్కడ పుడుతుంది?

ఉత్తర అమెరికా ఖండంలో అత్యధికంగా పొగమంచు పట్టే ప్రదేశాల్లో పాయింట్ రేయెస్‌ది రెండో స్థానమని ఈ ప్రాంతాన్ని నిర్వహించే నేషనల్ పార్క్ సర్వీస్ చెబుతుంది. పసిఫిక్ తీరం మొత్తంలో గాలి అత్యంత తీవ్రంగా వీచేదీ ఇక్కడే. గంటకు 95 కిలోమీటర్ల వేగం ఇక్కడ అరుదు కాదు. ఒకసారి గంటకు 214 కిలోమీటర్ల వేగం నమోదైంది. పెద్ద తుపానులో వీచే గాలికి ఇది తీసిపోదు.

ఇంత గాలి వీచే చోట పొగమంచు ఎలా నిలుస్తుందన్న సందేహం సహజం. నిజానికి ఇక్కడ పొగమంచుకు మూలం గాలే. వసంతం, వేసవి నెలల్లో ఈ తీరం వెంబడి వాయవ్య దిశ నుంచి గాలి బలంగా వీస్తుంది. అది సముద్రపు పై పొరను ముందుకు నెడుతుంది. భూభ్రమణం వల్ల కలిగే కొరియాలిస్ ప్రభావంతో ఉత్తరార్ధగోళంలో ఆ నీరు గాలి దిశకు కుడివైపుగా మళ్లుతుంది. ఈ తీరంలో కుడివైపు అంటే లోసముద్రం వైపు. పైనున్న నీరు తీరం నుంచి దూరంగా జరిగిపోతే ఖాళీ అయిన చోటును అడుగునుంచి వచ్చే చల్లటి నీరు నింపుతుంది. సముద్ర శాస్త్రంలో దీన్ని నీటి ఊర్ధ్వగమనం అంటారు.

లోసముద్రం మీదుగా తేమతో నిండి వచ్చిన గాలి ఈ చల్లటి నీటి మీదికి చేరగానే తానూ చల్లబడుతుంది. చల్లటి గాలి ఎక్కువ నీటి ఆవిరిని నిలుపుకోలేదు. మిగులు తేమ సన్నటి బిందువులుగా మారుతుంది. అదే పొగమంచు. దాని మీద వెచ్చటి పొడి గాలి మూతలా కప్పుకుని ఉంటుంది కనుక అది పైకి పోయి చెదిరిపోదు. ఒక్కోసారి రోజుల తరబడి కదలకుండా ఉండిపోతుంది.

ఈ ఊర్ధ్వగమనం తెలుగువారికి మరీ పరాయి విషయం కాదు. వేసవిలో నైరుతి గాలులు తీరం వెంబడి వీచేటప్పుడు విశాఖపట్నం దగ్గర బంగాళాఖాతంలోనూ ఇదే జరుగుతుంది. 1950ల్లో కాలిఫోర్నియా నుంచి ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చిన సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ ఇక్కడి పరిశోధకులతో కలిసి దీన్ని అధ్యయనం చేశారు. తూర్పు తీరంలో నీరు పైకి రావడం, కిందికి కుంగడం గురించి పరిశోధన పత్రం ప్రచురించారు. విశాఖ నీరు కాలిఫోర్నియా నీరంత చల్లగా మారదు కనుక అక్కడిలాంటి దట్టమైన పొగమంచు ఇక్కడ పట్టదు. అయితే అడుగునుంచి వచ్చే నీటితో పాటు పోషకాలు కూడా పైకి వస్తాయి. వాటి మీద సూక్ష్మజీవులు, ఆ సూక్ష్మజీవుల మీద చేపలు పెరుగుతాయి. పాయింట్ రేయెస్ చుట్టూ సముద్ర జీవులు విస్తారంగా ఉండటానికి కారణం ఇదే. ఓడలను దారి తప్పించిన చల్లటి నీరే అక్కడి జలచరాలకు అన్నం పెడుతోంది.

ఎత్తు లెక్క

దీపం ఎంత ఎత్తులో ఉంటే అంత దూరం కనిపిస్తుందన్నది నిజమే. భూమి గుండ్రంగా ఉండటం వల్ల దూరంగా ఉన్న ఓడకు దీపానికి మధ్య సముద్రపు ఉబ్బు అడ్డం వస్తుంది. దీపం ఎత్తు పెరిగితే ఆ అడ్డు తగ్గుతుంది. దీనికి ఒక తేలికైన లెక్క ఉంది. ఎత్తును మీటర్లలో తీసుకుని దాని వర్గమూలాన్ని 3.9తో గుణిస్తే దీపం నుంచి దిగంతం వరకు ఉండే దూరం సుమారుగా కిలోమీటర్లలో వస్తుంది. వాతావరణంలో కాంతి కొద్దిగా వంగడాన్ని కూడా ఈ లెక్కలో కలిపారు.

పాయింట్ రేయెస్ కొండకొమ్ము సముద్రమట్టానికి సుమారు 180 మీటర్ల ఎత్తులో ఉంటుంది. అక్కడ దీపం పెడితే దాని కాంతి సుమారు 52 కిలోమీటర్ల దూరంలోని నీటిని తాకగలదు. దీపస్తంభాన్ని నిజంగా కట్టింది 84 మీటర్ల ఎత్తులో. అక్కడి నుంచి దిగంతం సుమారు 36 కిలోమీటర్లు. ఓడ పైభాగంలో, నీటికి 10 మీటర్ల ఎత్తున నిలబడి చూసే నావికుడికి మరో 12 కిలోమీటర్లు కలిసివస్తాయి. అంటే కాగితం మీద చూస్తే కిందికి దించడం వల్ల 16 కిలోమీటర్ల నష్టం.

అయితే ఈ లెక్క ఆకాశం నిర్మలంగా ఉన్నప్పుడే చెల్లుతుంది. ఈ తీరంలో పొగమంచు తరచుగా నీటి ఉపరితలాన్ని వదిలి కాస్త పైకి లేచి, మేఘంలా కొండకొమ్మును కప్పేస్తుంది. అప్పుడు కింద సముద్రం మీద చూపు సాగుతుంది. పైన శిఖరం మాత్రం తెల్లటి దుప్పటిలో ఉంటుంది. పొగమంచులోని నీటి బిందువులు కాంతి తరంగదైర్ఘ్యం కంటే ఎన్నో రెట్లు పెద్దవి. అవి అన్ని రంగుల కాంతినీ అన్ని వైపులకూ చెదరగొడతాయి. ఎంత బలమైన దీపమైనా ఆ దుప్పటిలో చిక్కుకుంటే చుట్టూ తెల్లటి మెరుపుగా మిగులుతుందే తప్ప ఓడను చేరదు. అందుకే కొండ రాతిని మందుగుండుతో పేల్చి, సగం దూరం కిందికి వచ్చాక ఒక అరుగును చెక్కి, దాని మీద ఇనుప పలకలతో 16 భుజాల చిన్న గోపురం నిలబెట్టారు. దాని ఎత్తు 11 మీటర్లకు కాస్త ఎక్కువ, అంతే. మిగతా ఎత్తంతా కొండదే.

ఈ జాగ్రత్త తీసుకోకపోతే ఏమయ్యేదో చెప్పడానికి భూగోళం మరో వైపున ఒక ఉదాహరణ ఉంది. దక్షిణాఫ్రికాలో కేప్ ద్వీపకల్పం కొసన, యూరప్ నుంచి భారతదేశానికి వచ్చే పాత ఓడదారి మీద, 1860లో కేప్ పాయింట్ దీపస్తంభం వెలిగింది. దాన్ని సముద్రమట్టానికి సుమారు 240 మీటర్ల ఎత్తున, కొండ శిఖరం మీదే కట్టారు. పై లెక్క ప్రకారం దాని దిగంతం 60 కిలోమీటర్లు. కానీ ఆ శిఖరాన్ని తరచుగా మేఘాలు కప్పేసేవి. నిర్మలంగా ఉన్న రాత్రుల్లో మరో ఇబ్బంది. దీపం చాలా ముందుగానే కనబడటంతో, కొసను దాటకముందే ఓడలు తీరానికి దగ్గరగా వచ్చేసేవి. 1911 ఏప్రిల్‌లో 'లుసిటానియా' అనే పోర్చుగీసు ప్రయాణికుల ఓడ కేప్ పాయింట్‌కు దక్షిణంగా ఉన్న బెల్లోస్ రాయిని ఢీకొని ధ్వంసమైంది. 1915లో టార్పెడో దాడిలో మునిగిన బ్రిటిష్ లుసిటానియా వేరు. ఈ ప్రమాదం తర్వాత కేప్ పాయింట్‌లో కొత్త దీపస్తంభాన్ని కింది శిఖరం మీద, 87 మీటర్ల ఎత్తులో కట్టారు. పాయింట్ రేయెస్ దీపం ఉన్న ఎత్తుకూ దీనికీ పెద్ద తేడా లేదు. రెండు ఖండాల్లో రెండు దారుల్లో వెళ్లి ఇంజనీర్లు ఒకే పాఠం దగ్గరికి చేరారు. దీపం ఎంత ఎత్తులో ఉందన్నది ఒక్కటే చాలదు. దాని కాంతి దారిలో ఏముందో కూడా చూడాలి.

వెయ్యి గాజుముక్కల కటకం

మెట్లు దిగి లోపలికి అడుగుపెట్టిన సందర్శకుల చూపు ముందుగా పడేది కటకం మీదే. మనిషి లోపల నిలబడగలిగినంత పెద్ద గాజు తేనెతుట్టెలా ఉంటుంది. వెయ్యికి పైగా గాజుముక్కలను ఇత్తడి చట్రాల్లో బిగించి, 24 నిలువు పలకలుగా కూర్చారు. బరువు సుమారు 2,700 కిలోలు. 1867లో ఫ్రాన్స్‌లో తయారైన ఈ కటకం ఓడలో దక్షిణ అమెరికా కొసన ఉన్న కేప్ హార్న్‌ను చుట్టి శాన్ ఫ్రాన్సిస్కో చేరింది. అక్కడి నుంచి మరో ఓడలో డ్రేక్స్ అఖాతానికి, ఆ తర్వాత ఎడ్లబండ్ల మీద కొండకొమ్ముకు తెచ్చారు.

దీన్ని ఫ్రెనెల్ కటకం అంటారు. ఫ్రెంచ్ శాస్త్రవేత్త ఆగస్టిన్ ఫ్రెనెల్ పేరు మీద వచ్చిన పేరు ఇది. కాంతి తరంగాలుగా ప్రయాణిస్తుందని గణితంతో బలంగా వాదించినవారిలో ఆయన ముఖ్యుడు. 1823లో ఫ్రాన్స్‌లోని కోర్డువాన్ దీపస్తంభంలో ఆయన రూపొందించిన కటకం తొలిసారి పనిచేసింది. 1827లో, 39 ఏళ్ల వయసులో ఆయన మరణించారు.

ఆయన పరిష్కరించిన సమస్య ఇది. నూనె దీపం కాంతి అన్ని వైపులకూ పోతుంది. ఆకాశం వైపు, నేల వైపు పోయిన కాంతి వృథా. దాన్నంతా సముద్రం వైపు మళ్లించాలంటే దీపం ముందు పెద్ద కుంభాకార కటకం పెట్టాలి. అంత పెద్ద కటకం మధ్యలో చాలా మందంగా ఉంటుంది. బరువు మోయలేం. పైగా ఆ మందమంతా కాంతిని కొంత మింగేస్తుంది.

కటకం కాంతిని వంచేది దాని ఉపరితలాల దగ్గరే. లోపలున్న గాజు చేసే పని దాదాపు ఏమీ లేదు. కాబట్టి ఉపరితలపు వంపును మాత్రం ఉంచి లోపలి గాజును తీసేయవచ్చు. కటకాన్ని వలయాలుగా కోసి, ప్రతి వలయాన్నీ వెనక్కి నెట్టి ఒకే వరుసలో అమర్చినట్లు ఊహించుకుంటే సరిపోతుంది. మధ్య వలయాలు కాంతిని వక్రీభవనంతో వంచుతాయి. బాగా పైనా, బాగా కిందా ఉన్న పట్టకాలకు వక్రీభవనం ఒక్కటే చాలదు. అవి కాంతిని గాజు లోపలే అద్దంలా తిప్పి పంపుతాయి. పదో తరగతి భౌతికశాస్త్ర పాఠంలో కనిపించే సంపూర్ణాంతర పరావర్తనం ఇదే. ఈ రెండూ కలిసి నూనె దీపం వెలుగులో చాలా భాగాన్ని సమాంతరమైన కాంతిపుంజాలుగా మార్చి సముద్రం మీదికి పంపుతాయి.

కటకం రెండు దిశల్లోనూ పనిచేస్తుంది. లోపలి దీపం కాంతిని బయటికి పంపే గాజే, బయటి ఎండను లోపల ఒక చోట కేంద్రీకరించగలదు. భూతద్దంతో కాగితం కాల్చిన పిల్లలందరికీ ఇది తెలుసు. అందుకే దీపస్తంభాల్లో పగటిపూట గాజు గది చుట్టూ తెరలు దించి ఉంచేవారు.

అయిదు సెకన్లకొక మెరుపు

రాత్రివేళ తీరం వెంబడి వెలుగులు ఎన్నో కనిపిస్తాయి. ఏది ఏ దీపమో నావికుడికి తెలియాలి. అందుకే ప్రతి దీపస్తంభానికీ ఒక ప్రత్యేకమైన లయ ఉంటుంది. పాయింట్ రేయెస్ కటకం 2 నిమిషాలకు ఒకసారి తన చుట్టూ తాను తిరిగేది. ప్రతి పలక నుంచీ ఒక కాంతిపుంజం వెళ్తుంది. 120 సెకన్లను 24 పలకలతో భాగిస్తే 5 వస్తుంది. ఓడ మీదివారికి సరిగ్గా 5 సెకన్లకొక మెరుపు కనిపించేది. దీపం నిజానికి ఆరి వెలిగేది కాదు. అది నిలకడగా వెలుగుతూనే ఉండేది. తిరిగేది దాని చుట్టూ ఉన్న గాజు.

ఇంత బరువైన గాజును తిప్పింది గోడగడియారం తరహా యంత్రం. సుమారు 77 కిలోల బరువు గురుత్వాకర్షణతో నెమ్మదిగా కిందికి దిగుతుంటే పళ్లచక్రాలు తిరిగేవి. ఆ బరువు పూర్తిగా దిగడానికి 2 గంటల 20 నిమిషాలు పట్టేది. ఆ లోపు కీపర్ మళ్లీ కీ ఇచ్చి దాన్ని పైకి లాగాలి. శీతాకాలంలో 14 గంటల రాత్రికి ఆరుసార్లు ఈ పని చేయాల్సి వచ్చేది. ఒక్కసారి నిద్రపడితే కటకం ఆగిపోతుంది. మెరుపుల లయ తప్పితే అది వేరే దీపమని ఓడ పొరబడవచ్చు.

ఒక ప్రధాన కీపర్, ముగ్గురు సహాయకులు ఆరేసి గంటల వంతుల్లో పనిచేసేవారు. దీపం వత్తులను ఎప్పటికప్పుడు కత్తిరించి సవరించాలి. లేకపోతే మసి లేచి గాజు మీద పేరుకుంటుంది. ఈ పని వల్లే అమెరికాలో దీపస్తంభాల కాపలాదారులకు వత్తివాళ్లనే ముద్దుపేరు వచ్చింది. తెల్లవారాక వెయ్యి గాజుముక్కలనూ తుడవాలి. ఇత్తడిని మెరిపించాలి. వంతు ముగిశాక ఇంటికి చేరాలంటే మళ్లీ ఆ మెట్లన్నీ ఎక్కాలి. తుపాను గాలి వీచే రాత్రుల్లో ఆ కొండవాలు మీద మనుషులు నేలకు అతుక్కుని పాకుతూ వెళ్లాల్సి వచ్చేది.

దీపాన్ని ఎంత కిందికి దించినా పొగమంచు ఒక్కోసారి నీటి మీదికే దిగివస్తుంది. అప్పుడు కటకం చేయగలిగింది ఏమీ లేదు. అలాంటి వేళల కోసం పొగమంచు హారన్ ఏర్పాటు చేశారు. ధ్వని తరంగాల పొడవు ఆ నీటి బిందువుల కంటే ఎంతో ఎక్కువ కనుక కాంతిలా చెదిరిపోదు. దీపం కనిపించని చోట హారన్ వినిపించేది. రోజుల తరబడి ఆగకుండా మోగే ఆ శబ్దం పక్కనే బతకడం కీపర్ల కుటుంబాలకు మరో పరీక్ష. నేటి సందర్శకుడికి గంటసేపు హాయినిచ్చే ఏకాంతం అప్పటి ఉద్యోగులకు ఏళ్ల తరబడి సాగిన ఒంటరితనం. ఆ మెరుపు 105 ఏళ్లు సాగిందంటే కారణం గాజు నాణ్యత ఒక్కటే కాదు. ఎవరో ఒకరు ప్రతి రాత్రీ మెలకువగా ఉన్నారు.

నేలే కదిలిన ఉదయం

1906 ఏప్రిల్ 18 తెల్లవారుజామున 5 గంటల 12 నిమిషాలకు శాన్ ఫ్రాన్సిస్కోను మహా భూకంపం కుదిపేసింది. పాయింట్ రేయెస్ ద్వీపకల్పానికి, ప్రధాన భూభాగానికి మధ్య శాన్ ఆండ్రియాస్ భ్రంశం వెళ్తుంది. భ్రంశానికి పడమట ఉన్న ఈ ద్వీపకల్పం పసిఫిక్ ఫలకం మీద, తూర్పున ఉన్న నేల ఉత్తర అమెరికా ఫలకం మీద ఉన్నాయి. పసిఫిక్ ఫలకం వాయవ్యంగా ఏడాదికి కొద్ది సెంటీమీటర్ల చొప్పున జరుగుతోంది. రెండు ఫలకాల అంచులు ఒరుసుకుని చిక్కుకుపోతాయి. ఒత్తిడి ఏళ్ల తరబడి పేరుకుని ఒక్కసారిగా విడుదలవుతుంది. ఆ ఉదయం జరిగింది అదే. నిమిషం లోపే ద్వీపకల్పం దీపస్తంభంతో సహా సుమారు 5.5 మీటర్లు ఉత్తరానికి జరిగింది.

గోపురం కూలలేదు. కటకం తన పట్టాల మీద నుంచి పక్కకు జారింది. ఆ రోజు ఉదయం 5 గంటల 25 నిమిషాలకు దీపం ఆర్పే వేళ. కీపర్లు వెంటనే మరమ్మతు మొదలుపెట్టి ఆ సాయంత్రానికి కటకాన్ని మళ్లీ తిప్పగలిగారు. నేల అయిదు మీటర్లు జరిగిన రోజున కూడా ఈ దీపం ఓడలకు లేకుండా పోయింది 13 నిమిషాలు మాత్రమే.

ఆ కదలికను ఇప్పటికీ చూడవచ్చు. దీపస్తంభానికి వెళ్లే దారిలో, బేర్ వ్యాలీ సందర్శకుల కేంద్రం దగ్గర భూకంపం కాలిబాట ఉంది. అక్కడ భ్రంశరేఖ మీదుగా ఒక చెక్క కంచె కనిపిస్తుంది. అది మధ్యలో తెగి, రెండు ముక్కలు సుమారు 5 మీటర్ల ఎడంతో నిలబడి ఉంటాయి. ఈ ద్వీపకల్పం అడుగున ఉన్న గ్రానైట్ శిలలకు పక్కనే ఉన్న ప్రధాన భూభాగపు శిలలతో పోలిక లేదు. వందల కిలోమీటర్ల దక్షిణాన ఉన్న శిలలతో పోలిక ఉంది. లక్షల ఏళ్లుగా భూకంపం వెంట భూకంపంగా ఈ నేల ఉత్తరానికి ప్రయాణిస్తూనే ఉందనడానికి ఆ రాళ్లే సాక్ష్యం.

పని ముగిసిన తర్వాత

1938లో ఇక్కడికి విద్యుత్తు వచ్చింది. 1975లో అమెరికా తీర రక్షక దళం పాత దీపాన్ని విరమింపజేసి, దానికి కాస్త దిగువన స్వయంచాలక దీపాన్ని, హారన్‌ను ఏర్పాటు చేసింది. ఓడలకు దారి చూపుతున్నది ఇప్పుడు అదే. పాత గోపురం, కటకం నేషనల్ పార్క్ సర్వీస్ సంరక్షణలోకి వచ్చాయి. ఉప్పుగాలికి ఇనుము తుప్పు పడుతుంది. ఇత్తడి రంగు మారుతుంది. గాజుముక్కలను పట్టి ఉంచే లప్పం పెళుసుబారుతుంది. అందుకే 2018, 2019 సంవత్సరాల్లో కటకాన్ని విడదీసి, శుభ్రం చేసి, గోపురాన్ని మరమ్మతు చేసి మళ్లీ ప్రజలకు తెరిచారు.

చేతిలోని ఫోన్ కూడా ఉపగ్రహాల సాయంతో స్థానం చెప్పే రోజుల్లో దీపస్తంభాలు ఇంకా ఎందుకన్న ప్రశ్న వస్తుంది. ఉపగ్రహాల నుంచి వచ్చే సంకేతాలు చాలా బలహీనం. వాటికి అంతరాయం కలగవచ్చు. ఎవరైనా కావాలని తప్పుడు సంకేతాలు పంపవచ్చు. ఓడలోని పరికరం చెడిపోవచ్చు. అలాంటప్పుడు కంటికి కనిపించే దీపం పరికరం చెప్పింది నిజమో కాదో సరిచూసుకోవడానికి పనికొస్తుంది. చిన్న పడవల మీద చేపల వేటకు వెళ్లేవారికి అయితే తీరంలో వెలిగే దీపం నేటికీ పెద్ద ధైర్యం. మన దేశ తీరంలోనూ, దీవుల్లోనూ రెండు వందలకు పైగా దీపస్తంభాలు పనిచేస్తున్నాయి. విశాఖపట్నంలో డాల్ఫిన్స్ నోస్ కొండ మీద వెలిగేది వాటిలో ఒకటి. కొన్నిటిని సందర్శకులకు కూడా తెరిచారు. వాటిని చూడబోయేవారు ఒక్క ప్రశ్న వెంట తీసుకెళ్లవచ్చు. ఈ దీపాన్ని సరిగ్గా ఇక్కడే, ఈ ఎత్తులోనే ఎందుకు పెట్టారు? ఆ తీరంలోని గాలి, నీరు, రాయి కలిసి చెప్పే జవాబు ప్రతి చోటా వేరుగా ఉంటుంది.

శాన్ ఫ్రాన్సిస్కో పరిసరాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. స్వదేశం నుంచి వచ్చిన తల్లిదండ్రులను పాయింట్ రేయెస్‌కు తీసుకెళ్లాలనుకునేవారు కొన్ని విషయాలు గమనించాలి. దీపస్తంభం వారంలో కొన్ని రోజులే తెరిచి ఉంటుంది. గాలి వేగం గంటకు 64 కిలోమీటర్లు దాటితే మెట్లదారిని మూసేస్తారు. వేసవిలో వెళ్లినా చలిదుస్తులు తప్పనిసరి. మోకాళ్ల నొప్పులు, గుండె జబ్బులు ఉన్నవారు పైనున్న వేదిక దగ్గరే ఆగిపోవడం మంచిది. దీపస్తంభం అక్కడి నుంచి కూడా కనిపిస్తుంది, పొగమంచు ఒప్పుకుంటే.

ఒప్పుకోని రోజున వెళ్లినవారు నిరాశపడనక్కర్లేదు. కొండకొమ్ము మీద చుట్టూ తెల్లటి మసక, ముందున్న మనిషి కూడా కనిపించని స్థితి. జాగ్రత్తగా కమ్మీ పట్టుకుని మెట్లు దిగుతుంటే, అలాంటి కొన్ని రోజుల్లో సగం దారిలో మసక పలచబడుతుంది. ఇంకాస్త దిగితే ఎర్రటి గోపురం పైకప్పు, దాని కింద బూడిదరంగు సముద్రం, చాలా దూరం వరకు తేటగా కనిపిస్తాయి. తలెత్తి చూస్తే తాము దిగివచ్చిన కొండకొమ్ము మేఘంలో మాయమై ఉంటుంది. 1870లో ఆ రాతిని పేల్చి అరుగు చెక్కినవారు దీపాన్ని ఇక్కడికి ఎందుకు దించారో అప్పుడు ఎవరూ వివరించనక్కర్లేదు.